జపాన్ కొండల్ తలకు కట్టిన రుమాలు

హుస్సేనీ ఆలంలో చిక్కటి పాలు కావాలనుకునేవాళ్లు జపాన్ కొండల్ దొడ్డి ఎక్కడ అని అడుగుతారు. ఆ మనిషి జపాను చూసింది లేదు. విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప నేలమీద చూసింది లేదు. అయినా ఆ పేరు బర్రె చెవిలో పిడుదులా అతన్ని పట్టుకుంది. పీకితే రాదు, వచ్చినా రక్తంతోనే వస్తుంది.

ఆ ఇంట్లో జపాను వస్తువంటూ ఒక్కటే ఉంది, ఎడమ చేతికి తొడుక్కునే మందపాటి తోలు గ్లోవు. కొండల్ భార్య శారదమ్మ దాన్ని మసిగుడ్డకు బదులు వాడుతుంది. పొంగే పాలగిన్నెను పొయ్యి మీంచి దింపడానికి అంతకన్నా మంచిది లేదంటుంది. మొదటిసారి ఆమె ఆ పని చేసినప్పుడు కొండల్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత అలవాటు పడ్డాడు. పేదవాడు అలవాటు పడనిది ఏదైనా ఉంటే చెప్పండి, విందాం.

అతని కథ మొదలయ్యేది జపానులో కాదు, బర్రె కొమ్ము దగ్గర. తండ్రి కృష్ణయ్యకు దొడ్డినిండా బర్రెలుండేవి. పొద్దున పాలు పిండగానే వాటిని బహదూర్‌పురా దాటించి మీరాలం చెరువు గట్టుదాకా తోలుకుపోయేవాళ్లు. మందలోంచి ఒక బర్రె తప్పుకుని ఎవరి చేలోనో పడబోతే దాని వెంట పరుగెత్తడం తెలివితక్కువ పని. మట్టిపెడ్డ తీసి కొమ్ముకు తగిలేలా విసరాలి. కొమ్ముకు తగిలితే బర్రె తల తిప్పి మందవైపు నడుస్తుంది. ఒంటికి తగిలితే బెదిరి పరుగెడుతుంది, సాయంత్రం పాలు చేపదు. అందుకే ఎవడి పెడ్డ బర్రె ఒంటికి తగిలితే వాడికి ఆ పూట అన్నంలో పెరుగు లేదని కృష్ణయ్య ఇంట్లో కట్టుబాటు. కొండల్ పెరుగు లేకుండా తిన్న పూటలు చాలా తక్కువ.

ఆ దొడ్డి అన్నదమ్ములందరికీ సరిపోదని తేలేనాటికి కొండల్‌కు పెళ్లయింది, భిక్షపతి అని కొడుకూ పుట్టాడు. "బర్రెల ఎనక ఒక్కడు సాలు బిడ్డా, నువ్వు నౌకరి సూస్కో" అన్నాడు తండ్రి. అప్పుడే చాంద్రాయణగుట్ట అవతల బీడులో సర్కారువాళ్లు ఒక ఫ్యాక్టరీ లేపుతున్నారు. మిషన్లు జపానువి, వాటిని బిగించడానికి వచ్చిన ఇంజనీర్లు జపానువాళ్లు. అందుకని దాని అసలు పేరు బోర్డు మీదే ఉండిపోయి, జనం నోట అది జపాన్ కార్ఖానా అయింది. కొండల్ అందులో క్యాజువల్ కూలీగా చేరాడు. క్యాజువల్ అంటే ఇవాళ రమ్మంటే రావాలి, రేపు వద్దంటే పోవాలి. అదే పర్మినెంటు అయితే ఖాకీ బట్టలు, దవాఖానా చిట్టీ, ముసలితనంలో పింఛను. ఆ పర్మినెంటు మీదే కొండల్ ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. తెల్లారి లేచి కార్ఖానా ఉన్న దిక్కుకు దండం పెట్టేవాడు. "మైసమ్మకు గూడ గిన్ని మొక్కులు మొక్కలేదు గదరా" అని తల్లి కొమురమ్మ నవ్వేది.

అది పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం, ఎండాకాలం. కార్ఖానా ప్రహరీ ఇంకా పూర్తికాలేదు. మధ్యాహ్నం సద్ది తినే వేళకు ఎవరిదో బర్రె లోపలికి జొరబడి, గెస్ట్‌హౌస్ పక్కన జపాను ఇంజనీరు వేసుకున్న ముల్లంగి మడివైపు నడుస్తోంది. కూలీలంతా కేకలు వేస్తున్నారు. బర్రెకు కేకలు ఒక లెక్కా? కొండల్ సద్దిగిన్నె పక్కన పెట్టి ఒక పెడ్డ ఏరుకుని విసిరాడు. అది మైదానమంతా దాటిపోయి కొమ్ముకు టక్కున తగిలింది. బర్రె తల తిప్పి, వచ్చిన దారినే బుద్ధిగా వెళ్లిపోయింది.

ముల్లంగి మడి కురోకి అనే ఆయనది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ వెలిసిపోయిన టోపీ ఒకటి తలమీదే ఉండేది. వరండాలోంచి ఇదంతా చూసి, లోపలికి పోయి ఒక తెల్ల తోలు బంతి తెచ్చి కొండల్ చేతిలో పెట్టాడు. గోడమీద బొగ్గుతో గుండ్రంగా గీసి, కొట్టమని సైగ చేశాడు. కొండల్ కొట్టాడు. ఇంకా చిన్న గుండ్రం గీశాడు. అదీ కొట్టాడు. ఆ సాహెబు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందేమో అనుకున్నాడు కొండల్.

అట్లా కార్ఖానాలో బేస్‌బాల్ జట్టు పుట్టింది. క్యాజువల్ కూలీలలో చెయ్యి బాగున్నవాళ్లను ఏరి కురోకి సాయంత్రాలు ఆడించేవాడు. మనవాళ్లకది కర్రతో పుల్లను ఎగరగొట్టే చిర్రగోనెకు జపాను చుట్టంలా కనిపించింది. విసరడం కొండల్ పని. జట్టుకు పేరు పెట్టమంటే కురోకి ఒక్క క్షణం ఆలోచించకుండా సింహాలు అన్నాడు. బనియన్ల మీద ఎర్ర పెయింటుతో సింహం బొమ్మలు దించారు. అవి సింహాల్లా కన్నా కడుపు నొప్పి వచ్చిన పిల్లుల్లా ఉండేవి. గేటు కాడి వాచ్‌మన్ జహంగీర్ భాయ్ కూడా హుస్సేనీ ఆలం మనిషే. "అరె మియా, బర్రెలు కాసేటోళ్లు ఎప్పుడు షేర్లయిండ్రు, సింహాలయిండ్రు?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

సింహాలెందుకో కురోకి తర్వాత చెప్పాడు. క్యాంటీన్ మెట్ల మీద చాయ్ తాగుతూ, కూలీల దగ్గర నేర్చుకున్న వచ్చీరాని ఉర్దూలో చెప్పేవాడు. ఆయనది ఫుకువోకా. ఆ ఊళ్లో ఒక రైలు కంపెనీకి లయన్స్ అని జట్టు ఉండేదట. ఒకప్పుడు వరసగా మూడేళ్లు దేశానికే గెలిచిందట. మూడో ఏడు టోక్యో వాళ్లతో ఆడుతూ మొదటి మూడు ఆటలూ ఓడిపోయారు. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. ఆ తర్వాత నాలుగూ గెలిచారు. ఆ నాలుగూ ఒకే ఒక్కడి చేతిమీద గెలిచారు. ఊరు ఊరంతా ఆ విసిరేవాణ్ణి దేవుడితో, బుద్ధుడితో కలిపి మొక్కిందని చెప్తూ కురోకి నిజంగానే చేతులు జోడించాడు. తాను కూడా వయసులో ఒక కంపెనీ జట్టులో ఆడానని, కంపెనీ జట్టులో ఆడినవాడు బతికినన్నాళ్లూ కంపెనీ మనిషేనని కూడా చెప్పాడు.

కొండల్‌కు ఆ దేవుడూ బుద్ధుడూ తలకెక్కలేదు. ఆ చివరి మాట ఎక్కింది. జట్టులో ఆడినవాడు కంపెనీ మనిషి. ఇంటికి పోయి శారదమ్మకు అదే చెప్పాడు, తండ్రికి చెప్పాడు, బర్రెలకు కూడా చెప్పే ఉంటాడు. జపాను కంపెనీ ధర్మం చాంద్రాయణగుట్ట దాకా నడిచి వస్తుందని నమ్మాడు పిచ్చివాడు.

కురోకికి ఇంటినుంచి పార్సిళ్లు వచ్చేవి. భార్య చాయ్‌పత్తా, ఎండుచేపలు పాత పేపర్లలో చుట్టి పంపేది. ఆయన సరుకు పక్కన పడేసి, చుట్టిన కాగితాన్ని అరచేత్తో సాపుచేసుకుని చదివేవాడు. ఆ వానాకాలంలో ఒక కాగితం చదివి రెండు రోజులు ఆట పెట్టలేదు. మూడోనాడు కొండల్ అడిగితే చెప్పాడు. లయన్స్ ఆటగాళ్లు కొందరు జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారన్న గొడవ ఆ ముందు ఏడే మొదలైంది. ఇప్పుడు ముగ్గురిని జీవితాంతం ఆడకుండా వెలివేశారు. అందులో ఒకడు పాతికేళ్లు కూడా లేని కుర్రాడు, జట్టులో అందరికన్నా బాగా విసిరేవాడు. ఒకప్పుడు తనతో ఆడిన పెద్దవాడు డబ్బుకట్ట చేతిలో పెడితే కాదనలేక తీసుకున్నానని, బీరువాలో పడేశానని, ఆట మాత్రం ఓడించలేదని ఆ కుర్రాడు చెప్పుకున్నాడట.

"మరి ఓడగొట్టలేదు గద సాబ్?" అన్నాడు కొండల్.

"ఓడగొట్టలేదంటాడు. కానీ తీసుకున్నాడు."

"పెద్దోడు చేతిల వెడితే ఎట్ల కాదంటడు?"

"అదే," అన్నాడు కురోకి. "ఎట్లా కాదంటాడు? అన్యాయం చేశారు." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ టోపీ లేకుండా ఆయన్ని చూడటం కొండల్‌కు అదే మొదలు.

రెండేళ్లు గడిచాయి. కురోకి కాంట్రాక్టు పెరిగింది, ప్రహరీ పూర్తయింది, కొండల్ మాత్రం క్యాజువల్‌గానే ఉన్నాడు. డెబ్బయి రెండు దసరా తర్వాత మేనేజర్ రామలింగం అతన్ని ఆఫీసులోకి పిలిచాడు. "డిసెంబర్లో జపాన్ నుంచి మిషన్లిచ్చిన కంపెనీ పెద్దలు వస్తున్నారు. వాళ్ల ముందు మ్యాచ్ ఉంది. కొత్త సంవత్సరంలో కొందర్ని పర్మినెంట్ చేస్తున్నాం. నీ పేరు కురోకి గారే రాయించారు. బుద్ధిగా ఉండు" అన్నాడు. ఆ రోజు కొండల్ బస్సెక్కడం కూడా మరిచిపోయి ఇంటిదాకా నడిచి వచ్చాడు. శారదమ్మ దేవుడి ముందు బెల్లం పెట్టింది.

అంతా సవ్యంగా జరిగితే మన బతుకులు మన బతుకులెందుకవుతాయి! ఆ పాటికే క్యాజువల్ కూలీలకు ఒక యూనియన్ లేచింది. దాని నాయకుడు ఎల్లయ్య పహిల్వాన్. ఆయన కార్ఖానాలో ఒక్క రోజు పనిచేసినవాడు కాదు. క్యాంటీన్‌కు పాలు పోసే కాంట్రాక్టు ఆయనది. ఒక చేత్తో కార్ఖానాకు పాలు పోస్తూ, ఇంకో చేత్తో జెండా పట్టేవాడు. హుస్సేనీ ఆలంలోని పాలవాళ్లందరికీ కులపెద్ద. చేస్తే అందర్నీ పర్మినెంటు చేయాలి, లేకపోతే ఎవర్నీ వద్దు, మ్యాచ్ వారంలోనే సమ్మె అని ఆయన ప్రకటించాడు. కొండల్ ఆయన కంటపడకుండా తిరిగాడు. కానీ దీపావళి మర్నాడు పాలవాడు కులపెద్ద కంటపడకుండా ఎక్కడ దాక్కుంటాడు? ఆ రోజు సదర్, పాలవాళ్ల దున్నపోతుల పండగ.

దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులు పూసి, మెడనిండా గవ్వల పట్టీలు, పూలదండలు వేసి గల్లీలోకి తెచ్చారు. మార్ఫా డప్పులు మోగుతుంటే అవి ముందు కాళ్లెత్తి నిలబడుతున్నాయి. ఆ గల్లీ సదర్‌లో ఒక ఆచారం ఉంది. కులపెద్ద తన మనుషులనుకున్నవాళ్ల తలలకు ఎర్ర రుమాలు చుడతాడు. పెద్ద కట్టిన రుమాలును పొద్దు గూకేదాకా తీయకూడదు. తీస్తే కట్టినవాడి చావు కోరినట్టు. ఆ ఏడు ఎల్లయ్య సమ్మెకు తలూపిన కూలీలకే రుమాళ్లు కడుతున్నాడని గల్లీ అంతటికీ తెలుసు.

కొండల్ తన దున్న వెనక నక్కి నిలబడ్డాడు. ఎల్లయ్య నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"ఏందిరా కొండల్, జపానోళ్లు మస్తు దోస్తులైతే మేం యాదికి లేమా? రా, ఇట్ల రా."

"నాకొద్దు బాబాయ్. నేను..."

"నిరుడు నీ బాపు పాడె మోసిన చేతులురా ఇవి. ఈ చేతులతో కడుతున్న. వద్దంటవా?"

మార్ఫా ఆగింది. అందరూ చూస్తున్నారు. పక్కనే ఉన్న కొమురమ్మ కొడుకు వీపు మీద చెయ్యివేసి, "తల వంచు బిడ్డా, పెద్దమనిషి కడుతుండు" అంది. ఆమెకు సమ్మె తెలియదు, పర్మినెంటు లెక్కలు తెలియవు. మొగుడి పాడె మోసినవాణ్ణి కాదనకూడదని మాత్రం తెలుసు. కొండల్ తల వంచాడు. ఎల్లయ్య చుట్టాడు. పొద్దు గూకేదాకా ఆ రుమాలు అతని నెత్తిమీద నిప్పుల కుంపటిలా కూర్చుంది. సూర్యుడు దిగీ దిగగానే తీసి, మడిచి, పెట్టె అడుగున పెట్టాడు. తీసుకున్నంత మాత్రాన ఏమైంది, నేను సమ్మెకు పోను గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట తాను ఎక్కడో విన్నదేనని అతనికి తోచలేదు.

తర్వాత డ్యూటీకి పోయినప్పుడు గేటు దగ్గర జహంగీర్ భాయ్ ప్రేమగా భుజం తట్టాడు. "క్యా కొండల్ భాయ్! సదర్ కే దిన్ లాల్ పగ్డీ మే దుల్హా లగ్ రహే థే!" ఎర్ర తలపాగాలో పెళ్లికొడుకులా ఉన్నావని మెచ్చుకున్నాడు, ఆ మనిషి మనసులో ఇసుమంత విషం లేదు. కానీ సరిగ్గా అప్పుడే వెనక జీపులోంచి దిగుతున్నాడు రామలింగం. ఎర్ర రుమాళ్ల సంగతి ఆయనకు ముందే చేరింది.  కొండల్ ముఖం ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

సమ్మె మొదలైంది. రుమాలు కట్టించుకున్నవాళ్లందరూ గేటు బయట కూర్చున్నారు. కొండల్ ఒక్కడే వాళ్ల మధ్యలోంచి తల దించుకుని లోపలికి పోయాడు. ఒకడు "థూ" అని ఊశాడు. అది అతని కాలిమీద పడింది. "రుమాలు గట్టిచ్చుకొని లోపటికి వోతవురా దొంగ నా కొడకా!" అని ఇంకొకడు అరిచాడు. కొండల్ కాలు కూడా తుడుచుకోలేదు.

మ్యాచ్ రోజు జట్టులో సగంమంది బయటే ఉన్నారు కాబట్టి క్లర్కులతో, డ్రైవర్లతో ఆ ఖాళీలు నింపారు. అవతల జపాను మెకానిక్కులు. కుర్చీల్లో కోట్లు వేసుకున్న పెద్దలు. తమ జట్టువాళ్లకు బంతి పట్టడం కూడా రాదని కొండల్‌కు తెలుసు. అందుకే అవతలివాళ్లెవరూ బంతిని కొట్టలేనట్టు విసరాలి, అదొక్కటే దారి. విసిరాడు. ప్రతిసారీ కళ్లముందు బర్రె కొమ్మే ఉంది, ఒంటికి తగిలితే ఇంట్లో పెరుగు లేదు. ఆట ముగిసేసరికి అతని మోచేయి ఉబ్బి చేయి వంగడం లేదు. సింహాలు గెలిచాయి. కోట్లవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. గేటు బయటినుంచి తిట్లు వినబడ్డాయి.

కొత్త సంవత్సరంలో పేర్లు అతికించారు. కొండల్ పేరు లేదు.

అతను రామలింగం ఆఫీసుకు పోయాడు. ఆ మేనేజర్ దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చుని అంతా విన్నాడు. చివరికి అన్నాడు: "రుమాలు కట్టించుకున్నావా, లేదా?"

"కట్టిన్రు సార్. గని నేను పనికొచ్చిన గద? ఆడిన గద? గెలిపిచ్చిన గద?"

"అవన్నీ సరే. కట్టించుకున్నావు కదా. రేపు మళ్లీ పిలిస్తే వాళ్లతో పోవని ఏమిటి నమ్మకం? నేనొక్కణ్ణే అన్నమాట కాదయ్యా ఇది. కురోకి గారిని అడిగే తీసేశాం."

కొండల్ నమ్మలేదు. ఉబ్బిన చేయి పొట్టకు ఆనించుకుని గెస్ట్‌హౌస్‌కు పరుగెత్తాడు. కురోకి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు మళ్లీ ఒక పార్సిలు కాగితం, మడతలన్నీ సాపుచేసి ఉంది. అందులో మనుషులు లేని మైదానం ఫోటో.

"సాబ్, మీరు చెప్పిన్రా? నన్ను తీసెయ్యమని మీరు చెప్పిన్రా?"

కురోకి కాగితం వైపు చూపించాడు. "అమ్మేశారు. రైలు కంపెనీ లయన్స్‌ని అమ్మేసింది. వరసగా మూడేళ్లు అట్టడుగున పడ్డారు, జనం రావడం మానేశారు. ఆ మచ్చ తర్వాత జట్టు మళ్లీ లేవలేదు." కాగితం మడిచిపెట్టి అన్నాడు, "ఆ కుర్రాడి మీద జాలిపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరంతా జాలిపడ్డాం. మొదట్లోనే, తీసుకున్న మొదటివాడి దగ్గరే గట్టిగా ఉండి ఉంటే జట్టు మిగిలేది. ఇక్కడ నా జట్టును నేను కాపాడుకోవాలి."

"ఏ జట్టు సాబ్?" అన్నాడు కొండల్. "రేపు మీరు పోతే గీ జట్టు ఉంటదా? బనియన్ల మీది పిల్లులను జూసి నా పిల్లగాని నోట్ల మన్ను గొడ్తరా? ఆ పోరనికి అన్యాయం జేసిన్రని మీరే అన్నరు గద! మీరే టోపి దీసి బాధవడ్డరు గద!"

 కురోకి చెడ్డవాడు కాదు, అదే బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని బతకొచ్చు. లేచి, గోడకున్న, తాను బంతి పట్టే తోలు గ్లోవు తీసి, రెండు చేతులతో పట్టుకుని, నడుము వంచి కొండల్‌కు ఇచ్చాడు. ముఖాన విసిరికొట్టి పోవాల్సింది కొండల్. కానీ పెద్దమనిషి వంగి ఇస్తున్నాడు. తీసుకున్నాడు. కాదనడం అతనికి ఎవరూ నేర్పలేదు.

సమ్మె ఎలా ముగిసిందో వినండి. సంక్రాంతి పండగలోపే ఎల్లయ్య, రామలింగం ఒక గదిలో కూర్చుని లేచారు. ఎల్లయ్య అల్లుడు ముందు పర్మినెంటు అయ్యాడు. తర్వాత ఏడాదికి కొందరు చొప్పున, గేటు బయట కూర్చున్న రుమాళ్లవాళ్లంతా అయ్యారు. కొండల్ విషయం వస్తే రామలింగం యూనియన్ మనిషన్నాడు, యూనియనేమో ద్రోహి అంది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. డెబ్బయి మూడులో కురోకి తన దేశం వెళ్లిపోయాడు. మైదానంలో ఇనప తుక్కు పోశారు. మోచేయి వాపు తగ్గింది గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు. బర్రె దారి తప్పితే ఇప్పుడతను వెంట పరుగెత్తాలి.

చివరికి అతను మళ్లీ దొడ్డికే వచ్చాడు. పాలు ఎల్లయ్య కాంట్రాక్టు కిందే పోయాలి, జపాన్ కార్ఖానా క్యాంటీన్‌కే పోయాలి. పోశాడు. ఎనభై మూడు చలికాలంలో మిషన్లు బాగుచేయడానికి ఒక కుర్ర జపాను ఇంజనీరు వచ్చాడు. పొద్దున పాలు పోస్తూ కొండల్ ఉండబట్టలేక అడిగాడు, ఫుకువోకా లయన్స్ ఏమయ్యారని. ఆ కుర్రాడు నోరు తెరిచాడు. పాలవాడి నోట ఆ మాట వస్తే తెరవక ఏం చేస్తాడు. తర్వాత తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పాడు. ఆ జట్టు రెండుసార్లు పేరు మార్చుకుంది, అయిదేళ్ల కింద మళ్లీ అమ్ముడుపోయింది, టోక్యో దాపున ఇంకో రైలు కంపెనీ ఊరికి వెళ్లిపోయింది. ఇప్పుడు పేరు లయన్సే. పోయిన ఏడూ గెలిచింది, ఈ ఏడూ గెలిచింది. ఫుకువోకాలో జట్టే లేదు.

"మరి ఆ పోరడు? తీసుకున్న పోరడు?"

కుర్రాడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఓ, ఆయనా? ఇంకా నిషేధంలోనే ఉన్నాడు" అని, చాయ్ చల్లారిపోతోందని లోపలికి వెళ్లాడు.

కొండల్ ఇంటికి వచ్చి శారదమ్మతో అన్నాడు, "సింహాలు గెలుస్తున్నయంట. వెలేసినోణ్ణి మాత్రం లోపటికి రానిస్తలేరంట." ఆమె పాలగిన్నె దింపుతూ, "ఏ సింహాలు?" అంది.

కొడుకు భిక్షపతిని కొండల్ ఒక్క మాట మీదే పెంచాడు. ఎవ్వడేమిచ్చినా తీసుకోవద్దు. ఆ పిల్లవాడు మేనమామ ఇచ్చిన పిప్పరమెంటు కూడా తండ్రి మొహం చూడందే చెయ్యి చాపలేదు. పదో తరగతి పాసయి, ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని, జపాన్ కార్ఖానాలోనే క్యాజువల్‌గా చేరాడు. ఇంకెక్కడ చేరతాడు? నేర్చిన పని బాగా వచ్చు. కానీ ఆ గేటు లోపల పర్మినెంటు అనేది పనితో వచ్చేది కాదని, దాని తాళం ఎల్లయ్య మొలతాడుకే ఉందని చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఎనభై ఏడు దీపావళి మర్నాడు మళ్లీ సదర్. అదే గల్లీ, అదే మార్ఫా. ఎల్లయ్య ముసలివాడయ్యాడు. ఇద్దరు పట్టుకుంటే నడుస్తున్నాడు. చేతిలో మాత్రం ఎర్ర రుమాళ్ల కట్ట ఉంది. ఆ ఏడు ఎవరి తలకు రుమాలు పడితే వాళ్ల పేరు పర్మినెంటుకు పైకి పోతుందని అందరికీ తెలుసు. ఆయన తూలుతూ వచ్చి భిక్షపతి ముందు ఆగాడు.

"కొండల్ కొడుకువు గద? రా బిడ్డా. మీ అయ్యకు గట్టిన గని ఫాయిదా గాలె. నీకన్న అయితదేమో సూద్దాం." పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

భిక్షపతి కదల్లేదు. తల వంచలేదు. పుట్టినప్పటినుంచి విన్న మాట ఒకటి అతని మెడను నిటారుగా పట్టుకుని ఉంది. తండ్రివైపు తిరిగాడు. "బాపూ, తీసుకోవాల్నా?" అన్నాడు.

మార్ఫా ఆగింది. కొండల్ దున్న మెడమీద చెయ్యివేసి నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా ఈ ఘడియ గురించి ఎన్నో అనుకున్నాడు. ఆ ముసలివాడి చేతిలోంచి రుమాలు గుంజి దున్న కొమ్ముకు కట్టాలనుకున్నాడు. నీ అల్లుడు అందరికన్నా ముందెట్ల పర్మినెంటు అయ్యాడని గల్లీ అంతా వినేలా అడగాలనుకున్నాడు. కొడుకు మెడను చూశాడు. ఆ పిల్లవాడి చేతులు చూశాడు, ఫిట్టరు చేతులు, భుజం పైకి లేచే చేతులు.

"తీస్కో బిడ్డా" అన్నాడు. "తీస్కొని, ఆయన జెప్పినట్టే చెయ్యి. నేను తీసుకున్న, గని చెయ్యలే. గదొక్కటే నేను జేసిన తప్పు."

భిక్షపతి తల వంచాడు. ఎల్లయ్య రుమాలు చుట్టాడు. మార్ఫా మళ్లీ అందుకుంది.

సంక్రాంతి దాటేలోపు భిక్షపతికి పర్మినెంటు అయింది. శారదమ్మ దేవుడి ముందు బెల్లం పెట్టింది. కొండల్ సంతోషించాడు, నిజంగానే, కడుపు నిండా సంతోషించాడు. కానీ అది పనితో కాదు, రుమాలుతో వచ్చిందన్నది మాత్రం అతను మరవలేకపోయాడు. భిక్షపతి ఖాకీ బట్టలు వేసుకుని మొదటి రోజు డ్యూటీకి వెళ్తూ కాళ్లకు దండం పెట్టబోతే, కొండల్ వెనక్కి జరిగి పాలగిన్నె అందుకున్నాడు. పిల్లవాడు బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.